నాలుగో నంబరులోని గొంతు

చేయి చాపితే అందే తలుపును డెల్ఫీనా తొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా తనంతట తాను ఎందుకు తెరవలేదు?

ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. నాకిప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళు. చదివే పుస్తకాల్లో ఎక్కడో ఒకచోట దీనికి జవాబు తగలకపోతుందా అనుకుంటూ వచ్చాను. తగల్లేదు. ఆమెనే అడుగుదామంటే ఎక్కడుందో తెలియదు.

తలుపంటే చెక్క తలుపు కాదు. కంప్యూటర్ ఆటలో ఒక వంటింటి తలుపు. మీట ఒక్కసారి నొక్కితే తెరుచుకునేది. దాని వెనక ఒక మనిషి గొంతు ఉండేది.

మొదటినుంచీ చెబుతాను. మా కొండ సెరో కాండెలా. మా రాజధాని లీమాకు ఉత్తరాన, గడ్డిపోచ మొలవని రాతికొండ. కిందినుంచి పైదాకా పసుపు రంగు మెట్లు. నూట పన్నెండో మెట్టు దగ్గర డెల్ఫీనా యావురి కబీనా ఉండేది. గంటల లెక్కన కంప్యూటర్లు అద్దెకిచ్చే గదిని మేం కబీనా అంటాం. ఆడేవాళ్ళు మాత్రం ఆ మాట వాడరు. ‘వ్యసనానికి పోదాం పదరా’ అంటారు. ఇంట్లో తల్లులు తిట్టిన మాటనే ఆ గదికి పేరుగా పెట్టేసుకున్నారు. కబీనాకు ఆనుకునే నా గది. అందులో పాత నవలలు, పత్రికలు అద్దెకిచ్చేవాణ్ణి. జీవితమంతా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దినవాణ్ణి, ఏనాడూ బడిపంతులుని కాను. అయినా కళ్ళజోడూ, చేతిలో పుస్తకమూ ఉన్నాయి కాబట్టి కొండ మీద అందరికీ నేను మాష్టారినే.

కబీనా పెట్టింది డెల్ఫీనా తమ్ముడు అబెలార్డో. కరెంటు పనివాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, ఎప్పుడూ చెవి మీద టెస్టరు. ఎక్కడెక్కడి ఆఫీసుల్లోనో పారేసిన కంప్యూటర్లు తెచ్చి, బాగుచేసి, పద్నాలుగింటిని వరసగా పెట్టి నంబర్లు వేశాడు. డెల్ఫీనా తలుపు పక్కన బల్ల వేసుకుని కూర్చునేది. ఎవరి గంట ఎప్పుడు అయిపోతుందో చూసేది, గది వెనక తలుపు దగ్గర, గుడ్డ తెర చాటున ఉన్న పొయ్యి మీద సోంపు టీ కాచేది. ఆట మాత్రం ఆమె ముట్టుకోలేదు.

అబెలార్డో ఆ యంత్రాలన్నిటినీ గడ్డకట్టించి పెట్టాడు. అది కబీనా వాళ్ళ పద్ధతి. గడ్డకట్టించిన యంత్రానికి ఇవాళ జరిగింది రేపటికి గుర్తుండదు. ఎవడు ఏ వైరసు ఎక్కించినా, ఏ ఆట చెరిపేసినా, ఒకసారి కరెంటు ఆపి మళ్ళీ వేస్తే చాలు, మళ్ళీ మొదట ఎలా ఉందో అలాగే లేస్తుంది. కొత్తగా ఏదైనా శాశ్వతంగా దాచాలంటే రహస్య సంకేతం కొట్టి గడ్డ విప్పాలి, పని అయ్యాక మళ్ళీ గడ్డకట్టించాలి. ఆ సంకేతం అక్కకూ తమ్ముడికీ తప్ప మరొకరికి తెలియదు. దాంతో మా కొండ మీద అందరికీ ఒక ధీమా వచ్చేసింది. ఆ యంత్రాల దగ్గర ఎవరూ దేనికీ భయపడేవారు కాదు. ‘ఆపి వేస్తే వచ్చేస్తుందిలే’ అన్నది మా ఊతపదం. మొగుడూ పెళ్ళాం పోట్లాడుకున్నా అదే మాట చెప్పి ఓదార్చేవాళ్ళు.

కబీనాలో అందరూ ఆడేది రెండు జట్లుగా చీలి కాల్చుకునే ఆట. అందులో ఎడారి ఊళ్ళూ, గోదాములూ ఉండేవి. అబెలార్డోకి అవి నచ్చలేదు. ‘మన కొండకేం తక్కువ?’ అని మీటరు టేపు పట్టుకుని మెట్లెక్కుతూ దిగుతూ కొలతలు తీశాడు. ఏడెనిమిది నెలలు నాలుగో నంబరు ముందు కూర్చుని ఆటలో సెరో కాండెలా కట్టాడు. పసుపు మెట్లు, నీళ్ళ ట్యాంకు, రేకుల కప్పుల బజారు, అన్నీ వచ్చాయి. మెట్లు వేసేటప్పుడు మునిసిపాలిటీ కూల్చేసిన వాళ్ళ అమ్మానాన్నల చాపల ఇల్లు కూడా వచ్చింది. దాని వెనక వంటిల్లు, వంటింటికి తలుపు. ఎవరైనా ఆ తలుపు తెరిస్తే ముందు ఒక కుక్క మొరుగు, ఆ వెంటనే అబెలార్డో గొంతు:

“డెల్ఫీ! నీళ్ళు మరిగాయి!”

చిన్న మైకు ముందు కూర్చుని తానే రికార్డు చేశాడు. మొరిగింది వీధి కుక్క, అనుకోకుండా పడింది. తీసేద్దామనుకుని, బాగానే ఉందని వదిలేశాడట. ఆ కొండ బొమ్మను వేరే ఏ కబీనాకూ ఇవ్వలేదు. ‘మా అమ్మ ఇల్లుంది అందులో. ఊళ్ళో వాళ్ళందరూ తుపాకులేసుకుని తిరగడానికి ఇస్తానా?’ అనేవాడు.

ఆ మరుసటి ఏడు చలికాలం మొదట్లో, అంటే మాకు జూన్‌లో, అతనికి ఊపిరితిత్తులకు నెమ్ము చేసింది. ఆస్పత్రిలో అయిదు రోజులున్నాడు. ఆరో రోజు లేడు. ముప్పై నాలుగేళ్ళు. ఆ ఆగస్టులోనే పెద్ద భూకంపం వచ్చింది. కొండంతా వీధిలోకి పరుగెత్తితే డెల్ఫీనా ఒక్కతే నాలుగో నంబరును రెండు చేతులా కావలించుకుని లోపలే ఉండిపోయింది.

ఆ తర్వాతే ఆ గొంతు సంగతి నాకు అర్థమవసాగింది.

హెడ్‌ఫోన్లు పెడితే వారంలో విరిచేస్తారని కబీనాలో అన్నిటికీ స్పీకర్లే పెట్టారు. మా రెండు గదుల మధ్య ఉన్నది ప్లైవుడ్ గోడ. రోజుకు నలభై, యాభైసార్లు అబెలార్డో అక్కను పిలిచేవాడు. నేను పేజీ తిప్పబోతుంటే కుక్క మొరిగేది, నీళ్ళు మరిగేవి. మొదట్లో చిరాకు పడ్డాను. చనిపోయినవాడి గొంతును ఇలా వాడుకుంటారా అనిపించింది. కానీ ఆటలో ఆ తలుపు కీలకం. శత్రువు వంటింట్లోంచి వస్తే గొంతు పట్టిచ్చేస్తుంది. అందుకని కొందరు దొంగాటగా తలుపు తెరిచి వేరే దారిన పోయేవాళ్ళు. పోనుపోను కొండంతా ఆ మాట పాకింది. బజారులో తోపుడుబళ్ళు పట్టుకునే మునిసిపాలిటీ వాళ్ళు వస్తుంటే, కోళ్ళ కొట్టు రోస్‌మెరీ “నీళ్ళు మరిగాయి!” అని కేకేసేది. నిమిషంలో బళ్ళన్నీ మాయం.

ఈ రోస్‌మెరీ కబీనాలో అందరికన్నా గురి ఉన్న మనిషి. మధ్యాహ్నం కొట్టు కట్టేసి, ఏప్రనుకు ఈకలతోనే వచ్చి ఏడో నంబరులో కూర్చునేది. ఆమెకు పోటీ ఎడిన్‌సన్ తఫూర్. మూడు చక్రాల మోటోటాక్సీ నడిపేవాడు, నోరు మూతపడని మనిషి.

“పొద్దున ముప్పై కోళ్ళు కోశాను. నువ్వు ముప్పై ఒకటోవాడివి, రా!” అనేది రోస్‌మెరీ.

“కోళ్ళు తిరగబడి పొడవవు కాబట్టి బతికిపోతున్నావు,” అనేవాడు ఎడిన్‌సన్. అంతలో కుక్క మొరుగు, అబెలార్డో గొంతు. గదిలో పదిమందీ ఒకేసారి, “అత్తా, మంట తగ్గించు!”

“ముందు మీ నోటి మంట తగ్గించండ్రా,” అనేది డెల్ఫీనా.

ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖం చూశాను నేను, అద్దెపుస్తకం ఇవ్వడానికి వెళ్ళినప్పుడు. ఎవరో నిజంగా లోపలినుంచి పిలిచినట్టు తల కొంచెం ఆ గుడ్డ తెర వైపు తిప్పేది. అంతే. మళ్ళీ గడియారం చూసుకునేది.

అలా ఏడేళ్ళు గడిచాయి.

ఎడిన్‌సన్ ఇంటికి టీవీకి తగిలించుకుని ఆడే కన్సోల్ వచ్చింది. క్రిస్మస్‌కు కొన్నాడు. ముందుగదిలో సోఫా వేశాడు, గోడంత టీవీ తగిలించాడు. ‘ఒకటి వస్తే ఏమవుతుంది?’ అనుకున్నాం. ఏమయిందో ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. పదేళ్ళు నిండుగా ఉన్న గది రెండు చలికాలాల్లో ఖాళీ అయిపోయింది. కీబోర్డులు వరసగా ఉన్నాయి, కుర్చీలు ఉన్నాయి, మనుషులు లేరు. ఏదో వ్యాధి వచ్చి ఊరు ఊరంతా లేచిపోయినట్టుంది. పోనీ ఎక్కడికి పోయారంటే మెట్ల మీద ఎనభై అడుగులు కిందకి, ఎడిన్‌సన్ సోఫా మీదకి. తర్వాత ఎవరి సోఫాల మీదకు వాళ్ళు.

దాని గురించి ఒకసారి పెద్ద వాదన జరిగింది. ఎడిన్‌సన్ టీ తాగడానికి వచ్చాడు. ఆడటానికి కాదు, టీ కోసమే.

“ఏరా, దారి తప్పావా?” అంది డెల్ఫీనా.

“ఏం చెయ్యనత్తా, నీ కుర్చీల మీద పదేళ్ళు కూర్చుని నడుం విల్లయింది. ఇప్పుడు మా ఆవిడ ఆడుతుంది, మా మావగారూ ఆడతాడు. కాళ్ళు చాపుకుని ఆడుతున్నాం.”

“కాళ్ళు చాపుకుని చేసేదాన్ని ఆటంటార్రా? కునుకంటారు.”

“డిస్కు పెట్టు, మీట నొక్కు, ఆడు. అంతే! నీకులాగా వైరసులు లేవు, వైర్లు లేవు, గడ్డకట్టించడాలు లేవు. నీ కీబోర్డు తిరగేస్తే మూడు పూటలకు సరిపడా మొక్కజొన్న గింజలు రాలతాయి.”

“అవి నీ నోట్లోంచి రాలినవేరా.” ఆమె టీ గ్లాసు అతని ముందు పెట్టింది. “సరే. ఆ డబ్బాలో మన కొండ ఉందా?”

ఎడిన్‌సన్ నవ్వాడు. “మన కొండెందుకత్తా, కిటికీ తీస్తే కనపడుతోందిగా! అందులో ప్రపంచంలో ఉన్న స్టేడియాలన్నీ ఉన్నాయి.”

నేను పక్కనే ఉన్నాను. ఏమీ తెలియనివాడిలా అడిగాను. “మన కొండని అందులో పెట్టలేమా ఎడిన్‌సన్?”

“అది సీలేసిన డబ్బా మాష్టారూ. వాళ్ళు ఏది పెడితే అది ఆడాలి. మనం గోడ కట్టలేం, మెట్టు వెయ్యలేం. అబెలార్డో ఉన్నా చేసేది లేదు.”

చాలా మామూలుగా చెప్పాడు. నాకు మాత్రం అప్పుడే అసలు సంగతి తగిలింది. అంటే ఆట ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి మారడం కాదిది. ఆ ఇల్లూ, ఆ వంటిల్లూ, ఆ తలుపూ ఇటే ఉండిపోతాయి. మనుషులు మాత్రం అటు వెళ్ళిపోతున్నారు. డెల్ఫీనా వైపు చూశాను. గ్లాసు ఉంచిన చోట బల్ల తడిని గుడ్డతో తుడుస్తూ ఉంది. తుడిచిన చోటే తుడుస్తూ ఉంది.

గోడ అవతలినుంచి గొంతు రోజుకు పదిసార్లకు దిగింది. తర్వాత రెండు. ఆఖరిసారి ఎప్పుడు విన్నానో గుర్తులేదు. అది ఆఖరిదని తెలిస్తే కదా చెవి ఒగ్గేది.

యంత్రాలు ఒక్కొక్కటే పోయాయి. ఆరింటిని ఒక బడి వాళ్ళు పట్టుకెళ్ళి, లోపల ఉన్నదంతా తుడిచేసి పాఠాలు ఎక్కించుకున్నారు. కొన్ని చచ్చిపోతే తూకానికి అమ్మేసింది. చివరికి అబెలార్డో కూర్చున్న నాలుగో నంబరు ఒక్కటే మిగిలింది. అప్పుడే ఒక సాయంత్రం లోపలికి వెళ్తే, డెల్ఫీనా దాని ముందు కూర్చుని కనిపించింది. తెర మీద ఆట నడుస్తోంది. ఎవరో ఆడి మధ్యలో లేచిపోయినట్టు బొమ్మ సరిగ్గా ఆ వంటింటి తలుపు ముందు నిలబడి ఉంది. ఆమె చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి.

“మీరే తెరవచ్చు కదమ్మా,” అన్నాను.

“నాకు ఆట రాదు మాష్టారూ.”

“ఆట రానక్కర్లేదు. ఆ ఒక్క మీట...”

“టీ తాగుతారా?” అంటూ లేచింది.

ఇంక నేను అడగలేదు. ఇప్పుడు రాస్తూంటే తెలుస్తోంది, మళ్ళీ అడగాల్సింది.

ఇక అబెలార్డో పోయిన తొమ్మిదేళ్ళకు వచ్చిన ఆగస్టు. సెరో కాండెలాకు నలభై ఏళ్ళు నిండుతున్నాయి. నలభై ఏళ్ళ కిందట ఒక తెల్లవారుజామున మా పెద్దవాళ్ళు చాపలూ, కర్రలూ మోసుకొచ్చి ఈ రాళ్ళ మీద పాతారు. ప్రతి ఏటా ఆ రోజున పండగ చేసుకుంటాం. అబెలార్డో ఉన్నప్పటినుంచీ ఆ పండగలో ఒక ఆనవాయితీ కలిసింది. ఆ కొండ బొమ్మలో ఎగువ మెట్లవాళ్ళకూ, దిగువ మెట్లవాళ్ళకూ పోటీ. ఓడినవాళ్ళు అందరికీ ఎండు బంగాళాదుంపల కూర వండాలి.

ఒక్క యంత్రంతో పోటీ ఎలా? ఎడిన్‌సనే ఉపాయం చెప్పాడు. నాలుగో నంబరులో ఫుట్‌బాల్ ఆట ఎక్కిస్తాను, నా కన్సోల్ చేతిమీటలు రెండు తెచ్చి దానికే తగిలిస్తాను, పెద్ద తెర కట్టి గోడ మీద చూపిద్దాం అన్నాడు. కన్సోల్ కూడా రాకుండా, కబీనా కూడా మూతపడకుండా మధ్యేమార్గమట.

“ఏ ఆటైనా ఆడుకోండి,” అంది డెల్ఫీనా. “ముందు మాత్రం మన కొండ పెట్టాలి. పాతవాళ్ళంతా వంతులవారీగా. కాల్చుకోకపోయినా పరవాలేదు. ఊరికే తిరగండి. తలుపులూ అవీ తీస్తూ తిరిగితే చాలు.”

తలుపులూ అవీ అన్నప్పుడు రోస్‌మెరీ నా వైపు చూసింది. అంటే ఆమెకూ తెలుసు.

“నేను తీస్తానత్తా,” అంది రోస్‌మెరీ. “అన్ని తలుపులూ తీస్తాను. నువ్వు వద్దన్నదాకా.”

పండగలో చదవడానికి కొండ చరిత్ర రాయమని కమిటీ వాళ్ళు నాకు పురమాయించారు. మొదటిరోజు చాపలు పాతినవాళ్ళ పేర్లన్నీ అందులో రావాలి. నా టైపుమిషనుకు రిబ్బను దొరకలేదు. డెల్ఫీనాను అడిగి నాలుగో నంబరులో కూర్చుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రెండు పేజీలు కొట్టాను. మర్నాడు వచ్చి చూస్తే ఏమీ లేదు.

ఆమె పకపకా నవ్వింది. ఆమె అలా నవ్వగా చూసి చాలా కాలమైంది. “అయ్యో మాష్టారూ! పదేళ్ళు పక్కనే ఉన్నారు, గడ్డకట్టిన దాంట్లో రాస్తారా? మోటోటాక్సీ వాడికి కూడా తెలుసే!”

“వాడు చదువుకున్నవాడు. నేను మాష్టార్ని.”

ఆమె నన్ను పక్కకు తిరగమని సంకేతం కొట్టింది. నాలుగో నంబరు గడ్డ విప్పింది. “రాసుకోండి. అయ్యాక చెప్పండి, కట్టించేస్తాను.”

మూడు రోజుల్లో అయిపోయింది. కానీ నాకు ప్రూఫులు దిద్దే జబ్బు ఉంది. ఒక పేరు తప్పు పడిందేమో, ఒక కామా ఎక్కువైందేమో. “ఇంకో రెండు రోజులు అలాగే ఉంచమ్మా,” అన్నాను. ఆమె సరేనంది.

ఆ రెండు రోజుల మధ్యలో, శుక్రవారం మధ్యాహ్నం, ఎడిన్‌సన్ ఫుట్‌బాల్ ఆట పట్టుకుని వచ్చాడు. డెల్ఫీనా బజారుకు వెళ్ళింది. నేను నా గదిలో చదువుకుంటున్నాను. పాత యంత్రం, చోటు చాలలేదు. పాత ఆటలన్నీ చెరిపేశాడు. ఒక్క క్షణం కూడా సంకోచించలేదు. ఎందుకు సంకోచిస్తాడు? పదేళ్ళుగా ఆ కుర్చీల్లో నేర్చుకున్నదే అది. ముందు కొత్త ఆట దిగుతుందా, నడుస్తుందా చూసుకుందాం, తర్వాత ఆపి వేస్తే పాతవన్నీ వచ్చేస్తాయి, ఆదివారం పండగనాడు అత్త చేత గడ్డ విప్పించి పద్ధతిగా ఎక్కిద్దాం అనుకున్నాడు.

ఆట దిగింది. నడిచింది. ఇంతలో డెల్ఫీనా, ఆమె వెనకే రోస్‌మెరీ వచ్చారు. గోల విని నేనూ వెళ్ళాను.

“భేషుగ్గా ఆడుతోందత్తా! ఇక చూడు, ఆపి వేస్తున్నాను, నీ కొండ నీకు వచ్చేస్తుంది,” అన్నాడు ఎడిన్‌సన్.

ఆపి వేశాడు. తెర వెలిగింది. ఫుట్‌బాల్ బొమ్మ అలాగే ఉంది.

“ఇదేంటి, పోలేదు,” అన్నాడు. మళ్ళీ ఆపి వేశాడు. ఫుట్‌బాల్.

నాకు అప్పుడు తెలిసింది. తలుపు పట్టుకుని నిలబడ్డాను. డెల్ఫీనాకు నాకన్నా ముందే తెలిసి ఉంటుంది. కూరగాయల సంచి ఇంకా చేతిలోనే ఉంది. 

“ఇంకోసారి,” అంది.

మూడోసారి ఆపి వేశాడు.  “గడ్డకట్టి ఉండాలి కదత్తా? ఇది ఎప్పుడూ గడ్డకట్టే ఉంటుంది కదా! ఎవరు విప్పారు?”

ఆమె నా వైపు చూడలేదు. నేను చెప్పాలి. అది చాలా చిన్న వాక్యం. జీవితమంతా ఇతరుల వాక్యాలు సరిచేసిన వాణ్ణి, ఆ ఒక్కటి నోటికి రాలేదు.

శనివారం తెల్లవారగానే ఎడిన్‌సన్ ఆ హార్డ్ డిస్కును తువ్వాల్లో చుట్టుకుని నన్ను తోడు తీసుకెళ్ళాడు. బస్సులో రెండు గంటలు. దారంతా అదే మాట. “గడ్డకట్టి ఉండాలి కదా మాష్టారూ! మీరే చెప్పండి, నేను తప్పు చేశానా? పదేళ్ళలో ఎన్నిసార్లు చెరపలేదు!” నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. మనిషికి మౌనం పరువుగా కనిపించే రోజులుంటాయి. ఆ రోజు నా మౌనం నాకే కంపు కొట్టింది.

ఊరి నడిబొడ్డున విడిభాగాల బజారులో ఒకతను డిస్కును తన యంత్రానికి తగిలించి మధ్యాహ్నం దాకా వెతికాడు.

“చెరిపింది తీయొచ్చు,” అన్నాడు. “పైన ఏమీ రాయకపోతే. మీవాడు పైన కొండంత ఆట దించాడు కదయ్యా. కింద ఉన్నదంతా నలిగిపోయింది.”

“ఏదీ రాలేదా?”

“‘మాష్టారు’ అని పేరున్న ఫోల్డరులో ఏవో కాగితాలు, మూడు పేజీలు, అవి చెక్కుచెదరలేదు. వాటి జోలికి ఎవరూ పోలేదు.” కొంచెం ఆగి, “ఒక శబ్దం ముక్క దొరికింది. సెకను కూడా లేదు. కావాలా?” అన్నాడు.

ఎడిన్‌సన్ నా చేయి గట్టిగా పట్టుకున్నాడు. “కావాలి,” అన్నాడు.

అక్కడ వినలేదు. వినడానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు. తిరిగి వచ్చేటప్పుడు అతను ఆ తువ్వాలు మూటను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.  గరువా పడుతోంది. మా లీమాలో అది వాన కాదు, గాలికే చెమట పట్టినట్టుండే తుంపర.

ఆదివారం మధ్యాహ్నం కబీనా మళ్ళీ నిండింది. అప్పుడు వెళ్ళిపోయినవాళ్ళంతా వచ్చారు, పెళ్ళాం బిడ్డలతో. గోడ మీద తెల్ల దుప్పటి తెర. ఎవరూ ఫుట్‌బాల్ అడగలేదు. శుక్రవారం సంగతి కొండంతా తెలిసిపోయింది. డెల్ఫీనా తన బల్ల దగ్గర, తన కుర్చీలోనే కూర్చుంది. జుట్టు దువ్వుకుని, పండగ శాలువా కప్పుకుంది.

“అత్తా,” అన్నాడు ఎడిన్‌సన్. నోరు మూతపడని మనిషికి మాటలు వెతుక్కోవలసి వచ్చింది. “ఒక ముక్క దొరికింది. ఏముందో తెలీదు. పెట్టమంటావా?”

ఆమె తలూపింది.

మీట నొక్కాడు. స్పీకరు చిటపటమంది. కుక్క మొరిగింది.

అంతే. ఆ తర్వాత ఏమీ లేదు.

పదేళ్ళుగా ఆ మొరుగు వినగానే దాని వెనక ఏం వస్తుందో మా అందరి చెవులకూ తెలుసు. అందరి చెవులూ దాని కోసం నిలబడిపోయాయి. గదిలో ముప్పై మంది ఉన్నాం. రోస్‌మెరీ రెండు చేతులతో నోరు మూసుకుంది. డెల్ఫీనా తల, ఎప్పట్లాగే, కొంచెం పొయ్యి ముందరి గుడ్డ తెర వైపు తిరిగింది.

“టీ పెడతాను,” అని లేచింది. నడక మామూలుగానే ఉంది. తెర తొలగించుకుని లోపలికి వెళ్ళింది. గిన్నెలో నీళ్ళు పోసిన చప్పుడు, అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినపడ్డాయి.

“గడ్డకట్టి ఉండాలి కదా,” అన్నాడు ఎడిన్‌సన్, ఎవరితోనో తెలియకుండా. కళ్ళలో నీళ్ళు. “ఒట్టు, నాకు తెలిస్తే... ఎవరు విప్పారో చెప్పండి చాలు.”

“నా కోసం విప్పింది,” అన్నాను. అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. “నా మూడు పేజీల కోసం. కట్టించేస్తానంటే నేనే ఉంచమన్నాను. ఎడిన్‌సన్ తప్పు లేదు. తప్పు నాది.”

అందరూ నా వైపు తిరిగారు. ఎడిన్‌సన్ నన్ను చూసిన చూపు వర్ణించలేను. కోపం కాదు అది. రెండు గంటల బస్సు ప్రయాణం మొత్తం అతని కళ్ళలో వెనక్కి తిరుగుతున్నట్టుంది.

“రానూ పోనూ నాలుగు గంటలు మాష్టారూ,” అన్నాడు నెమ్మదిగా. “పక్కనే కూర్చున్నారు.”

 తప్పు నాదని డెల్ఫీనా వినాలనే, పొయ్యి ముందరి తెర వైపు తిరిగి చెప్పాను. జవాబు వస్తుందని చూస్తున్నాను. తిట్టినా బాగుండును.

లోపల గిన్నె మూత చిన్నగా కదలడం మొదలుపెట్టింది. తర్వాత టకటకా కొట్టుకుంది. నీళ్ళు మరుగుతున్నాయి. ఆ గదిలో ప్రతి ఒక్కరికీ ఆ క్షణంలో అనవలసిన మాట తెలుసు. ఎడిన్‌సన్ పెదవులు కదిలాయి, ఆగిపోయాయి. మూత కొట్టుకుంటూనే ఉంది. నీళ్ళు పొంగి మంట మీద పడి చుయ్‌మన్న చప్పుడు అందరం విన్నాం.

చివరికి నేనే తెర తొలగించుకుని వెళ్ళాను. పొయ్యి కట్టేశాను. రెండు గ్లాసులు కడిగి బోర్లించి ఉన్నాయి. కబీనా తాళం చెవులు సోంపు డబ్బా మీద పెట్టి ఉన్నాయి. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. అవతల పసుపు మెట్లు, తుంపరకు తడిసి మెరుస్తున్నాయి. కిందిదాకా చూశాను. మెట్ల మీద ఎవరూ లేరు.